అద్దకం తొట్టిలో ఉప్పు: మీ పరిశోధన అక్కడే మొదలవుతుంది

ప్రశ్న: మాది చీరాల. నాన్న నూలు చిలపలకు రంగులు అద్దుతారు. నేను కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పర్యావరణానికి హాని చేయని వస్త్రాల తయారీపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. జౌళి రంగంలో ఏముంది, సాఫ్ట్‌వేర్‌కు వెళ్లమంటున్నారు బంధువులు. ఎలా మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థిని

జవాబు: మీ నాన్నగారి పని గురించి రాసిన వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఈ రంగంలో పరిశోధనకు వచ్చేవారిలో చాలామంది అద్దకం తొట్టిని మొదటిసారి చూసేది పాతికేళ్లు దాటాకే. మీరు దాని పక్కనే పెరిగారు.

ముందుగా ఒక మాట. ‘సుస్థిర వస్త్రాలు’ అన్నది పరిశోధనాంశం కాదు. అంత పెద్ద పేరుతో ఇంటర్వ్యూకు వెళ్తే రెండో ప్రశ్నకే తడబడతారు. ఒకే సమస్యను పట్టుకుని దాని లోతు చూడాలి. మీ ఇంట్లోనే అలాంటిది ఒకటుంది: ఉప్పు.

నీళ్లలో నానిన నూలుకు రుణావేశం ఉంటుంది. రియాక్టివ్ రంగుకూ అదే ఆవేశం. రెండూ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి కాబట్టి, ఆ వికర్షణను తగ్గించి రంగును పోగులోకి చేర్చడానికి తొట్టిలో ఉప్పు వేస్తారు. ఆ తర్వాత సోడా వేస్తే రంగు నూలుతో రసాయన బంధం ఏర్పరచుకుంటుంది. కిలో నూలుకు 20 లీటర్ల నీళ్లు, ముదురు రంగుకు లీటరుకు 60 గ్రాముల ఉప్పు అనుకుని లెక్క కట్టండి. 1.2 కిలోలు! నూలు బరువు కంటే ఉప్పు బరువే ఎక్కువ. అదంతా, నూలుకు పట్టకుండా నీటితోనే చర్య జరిపి వృథా అయిన రంగుతో కలిసి, కాలువలోకి పోతుంది.

ఇది చిన్న విషయంగా కనిపిస్తే తమిళనాడులోని వస్త్ర పరిశ్రమ పట్టణం తిరుప్పూరు చరిత్ర చదవండి. నొయ్యల్ నది కాలుష్యంపై 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి 700కు పైగా అద్దకం యూనిట్లను మూసివేయమంది. చుక్క మురుగునీరు కూడా బయటకు వదలకూడదన్న నిబంధనతో సన్నని పొరల గుండా వడపోత, ఆపైన నీటిని ఆవిరి చేసే యంత్రాలు వచ్చాయి. నీరు తిరిగి వాడకానికి వచ్చింది. ఉప్పు మాత్రం మిగిలింది. నీటిని ఆవిరి చేయడానికి బోలెడంత ఇంధనం కావాలి, చివరికి పేరుకుపోయే లవణాల మడ్డిని ఎక్కడ పెట్టాలో తెలియదు. కొన్నిచోట్ల ఉప్పునీటినే మళ్లీ అద్దకానికి వాడుకోగలుగుతున్నారు. ఒక కాలుష్యాన్ని ఆపబోతే భారం విద్యుత్తు మీదికి, బొగ్గు మీదికి జరిగింది. మీ పరిశోధన ప్రశ్న ఇక్కడి నుంచే పుట్టాలి: అసలు ఉప్పు లేకుండా అద్దగలమా?

నూలుకు ముందుగానే ధనావేశం వచ్చేలా చేసే పద్ధతి ఉంది. దానితో ఉప్పు అవసరం బాగా తగ్గుతుంది. అయితే రంగు అంతటా సమంగా పట్టడం కష్టం, అందుకు వాడే రసాయనాల భద్రత మరో చిక్కు. అధిక పీడనంలోని కార్బన్ డయాక్సైడ్‌తో నీళ్లే లేకుండా అద్దే యంత్రాలు పాలిస్టర్‌కు వచ్చాయి. నూలు విషయంలో ఆ దారి ఇంకా సాఫీ కాలేదు. సహజ రంగులే పరిష్కారమని కూడా తొందరపడకండి. పెడన కలంకారీలో కరక్కాయ, పటిక ఎంత అందమైన పని చేస్తాయో నాకు తెలుసు, ఆ కళ అంటే నాకు ప్రాణం. కానీ అక్కడా ఉడకబెట్టడానికి వంటచెరకు కావాలి, ఉతకడానికి పారే నీళ్లు కావాలి. ఏ పద్ధతి మేలో నమ్మకంతో కాదు, కొలతతో తేలాలి. ముడిసరుకు నుంచి పారవేసేదాకా భారాన్ని లెక్కించే జీవితచక్ర మదింపును ఇప్పటినుంచే నేర్చుకోండి.

ఇక దారి. గేట్‌లో టెక్స్‌టైల్‌కు విడిగా పేపర్ ఉన్నా మీరు కెమికల్ పేపరే రాయండి. ఢిల్లీ ఐఐటీలోని టెక్స్‌టైల్ అండ్ ఫైబర్ ఇంజినీరింగ్ విభాగం, ముంబయిలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ మీరు ముందుగా చూడాల్సినవి. ఆ సంవత్సరం ప్రవేశ ప్రకటనలో అర్హతలు సరిచూసుకోండి. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు, పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) స్థాయి ఫెలోషిప్ వస్తే మొదట 37,000 రూపాయలు, తర్వాత 42,000 రూపాయలు. ఇంటికి భారం కాకుండా చదవవచ్చు. స్వీడన్‌లోని బొరోస్ విశ్వవిద్యాలయంలోనూ ఈ రంగంలో పరిశోధన బాగా సాగుతోంది.

బంధువుల మాటకొస్తే, వస్తువులను పర్యావరణానికి మేలైన రీతిలో రూపొందించాలంటూ ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన ఎకోడిజైన్ చట్టంలో వస్త్రాలకు పెద్దపీట వేశారు. మన ఎగుమతిదారులు రేపు పర్యావరణంపై పడే భారం లెక్కలు చూపాల్సి ఉంటుంది. చూపగలిగేవారు కావాలి.

ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం పట్టుకుని నాన్నగారి పక్కన కూర్చోండి. ఒక్కో రంగుకు ఎన్ని లీటర్ల నీళ్లు, ఎంత ఉప్పు, ఎన్నిసార్లు కడుగుడు, ఎంత కట్టె? అన్నీ తూచి రాయండి. ఆయన కంటిచూపుతో రంగు పట్టిందని ఎలా చెబుతారో కూడా అడిగి రాయండి. ఆ లెక్కలను రెండు పేజీల్లోకి కుదించి కోయంబత్తూరులోని జౌళి పరిశోధన సంస్థ సిట్రాకో, మీరు ఎంచుకున్న ప్రొఫెసర్‌కో ఇంటర్న్‌షిప్ దరఖాస్తుతో జతచేసి పంపండి.