మట్టి తెచ్చేది మీ అమ్మాయే, ప్లేటు తెరిచేది ఎవరు?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం. ఎనిమిది ఎకరాల్లో శనగ వేస్తాను. ఈ ఏడు అక్కడక్కడా మొక్కలు వాలిపోతున్నాయి. మా అమ్మాయి ఒంగోలులో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. శనగ తెగుళ్ల మీద పరిశోధన చేస్తున్న ఒకరికి సాయంగా, పొలాల్లో మట్టి సేకరించడానికి మూడు నెలలు వెళ్తానంటోంది. మట్టిలో నుంచి బయటపడాలనే కదా చదివించింది! దీనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: మీరు విత్తేది బహుశా జేజీ 11 అయి ఉంటుంది. 1999లో విడుదలైన ఆ రకం ఎండు తెగులును తట్టుకుంటుంది. ఆ గుణాన్ని ఎలా తేలుస్తారంటే, తెగులు శిలీంద్రం నిండిన మడిలో కావాలనే విత్తుతారు. చచ్చేవి చస్తాయి, నిలిచినవాటిని ఏరుకుంటారు. అంతకుముందు ఎవరో ఒకరు ఎండిన మొక్క పక్కన కూర్చుని, ఆ శిలీంద్రాన్ని పట్టి తెచ్చి ఉండాలి. మీ అమ్మాయి చేస్తానంటున్నది ఆ పనే.

భూసార పరీక్షకు మట్టి తీయడం మీకు కొత్త కాదు. చేనంతా వంకరటింకరగా నడిచి, ఎనిమిది పది చోట్ల గుంటలు తీసి, అంతా కలిపి అరకిలోకి తగ్గిస్తారు. తెగుళ్ల కోసమైతే పద్ధతి వేరు. వాలిన మొక్కను వేళ్లతో సహా పెకలించి, వేళ్లకు అంటిన మట్టి తీసుకోవాలి. పక్కనే పచ్చగా ఉన్న మొక్క దగ్గర కూడా తీయాలి, తేడా తెలిసేది అక్కడే. చోటు మారినప్పుడల్లా పారను స్పిరిట్‌తో తుడవకపోతే ఒక చేని బూజు మరో చేని సంచిలో చేరుతుంది. సంచులకు ఎండ తగలకూడదు, ఐసు పెట్టెలో ఉండాలి. నా పీజీ రోజుల్లో సంచుల మీద ఇంకు పెన్నుతో రాశాను. తడికి అంకెలన్నీ కరిగిపోయాయి. ఏ సంచి ఏ చేనిదో తెలియక రెండు రోజుల తిరుగుడంతా పారబోశాను. అప్పటి నుంచి పెన్సిలే.

మట్టితో పాటు నోటుపుస్తకం నిండాలి. నిరుడు ఏ పంట వేశారు, విత్తనశుద్ధి చేశారా, మొక్క ఎన్నో రోజున వాలింది? పైరు లేతగా ఉన్నప్పుడు, తడి ఎక్కువై మొదలు కుళ్లి, ఆవగింజల్లాంటి గుళికలు కనిపిస్తే అది ఒక శిలీంద్రం. కాండం చీలిస్తే లోపల నల్లటి చార కనిపించేది ఎండు తెగులు. పూత, కాయ దశలో బెట్టకు ఎండి, లాగితే వేరు పుటుక్కున తెగేది మరొకటి. ఈ మూడూ మీరు ఎన్నో ఏళ్లుగా చూస్తున్నవే. పరిశోధకులు రైతును అడిగేది ఇవే కనుక, ఆమెతో ఒక సాయంత్రం కూర్చోండి.

ఇక అసలు సంగతి. మూడు నెలలూ సంచులు మోయడమే అయితే పంపకండి, అది కూలిపనే, కూలి కూడా రాకపోవచ్చు. ఆ పరిశోధకుణ్ణి ఒక్కటే అడగండి: మట్టి ల్యాబుకు చేరాక మా అమ్మాయి ఏం చేస్తుంది? మట్టిని శుద్ధమైన నీటిలో పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలుచన చేయడం, అగర్ ప్లేటు (బూజులు పెరిగేందుకు జెల్లీ లాంటి మేత పోసిన మూత పళ్లెం) మీద పోయడం, ఐదారు రోజుల్లో మొలిచిన బూజుల్లో కావలసినదాన్ని విడదీసి పెంచడం ఆమె చేతే చేయిస్తామంటే నిశ్చింతగా పంపండి. ట్రైకోడెర్మా వంటి జీవ శిలీంద్రనాశినులు తయారుచేసే కంపెనీలు నాణ్యత పరీక్షకు వెతికేది ఆ చెయ్యి తిరిగినవాళ్లనే.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో మొక్కల తెగుళ్ల పీజీకి సాధారణంగా బీఎస్సీ అగ్రికల్చర్ చదివినవారినే తీసుకుంటారు. మీ అమ్మాయికి ఆ ద్వారం దాదాపు మూసినట్టే. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాసి ఎంఎస్సీ మైక్రోబయాలజీ గానీ బోటనీ గానీ చేసి, ప్రాజెక్టుకు శిలీంద్రాలనే ఎంచుకోవడం ఆమెకున్న దారి. తరువాత లైఫ్ సైన్సెస్‌లో నెట్ (పరిశోధన ఫెలోషిప్‌కు, అధ్యాపక అర్హతకు పెట్టే జాతీయ పరీక్ష) రాయవచ్చు. పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు ఉద్యోగాలు దొరుకుతాయి గానీ అవి ప్రాజెక్టుతోనే ముగుస్తాయి. స్థిరపడడానికి ఏళ్లు పడుతుంది. పెళ్లి తొందర ఉంటే ఆ మాట ఇప్పుడే ఇంట్లో తేల్చుకోండి.

ఒంటరిగా మాత్రం పంపవద్దు. చేనివారిని అడగకుండా గట్టు దిగవద్దని కూడా చెప్పండి. మీ చేలో మొక్కలు వాలుతున్నాయన్నారు కదా, మొదటి సంచి అక్కడే తీయమనండి. పెన్సిల్ మరవవద్దని చెప్పండి.