ఉద్యోగం మానేయడానికి అప్పు చేయకండి

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, జీతం 24,000. మావారికి 38,000. ఇంటి లోన్ ఈఎంఐ 19,000, ఇంటి ఖర్చు 22,000. బాబుకు 8 నెలలు. నేను డ్యూటీలో చేరినప్పటి నుంచి అత్తయ్యగారే చూసుకుంటున్నారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. రెండు నెలలుగా బాబు బరువు పెరగలేదు. ఆయా 8,000 అడుగుతోంది. దాని బదులు 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని ఏడాదిన్నర ఇంట్లో ఉండనా? బ్యాంకులో 40,000 ఉన్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 30,000.

జవాబు: వద్దు. జీతం స్లిప్పు చూపించి లోన్ తీసుకుని, ఆ జీతాన్నే వదిలేస్తానంటున్నారు. ఇదేం లెక్కండీ? 16 శాతం వడ్డీకి మూడేళ్లయితే ఈఎంఐ దాదాపు 10,550, మొత్తం వడ్డీ 80,000. లోన్ సొమ్ము ఏడాదిన్నరకు అయిపోతుంది, ఇంకో 18 ఈఎంఐలు మిగిలే ఉంటాయి. అప్పుడు కోత పడేది కరెంటు బిల్లుకు కాదు, బాబు తినే గుడ్డుకు, పెరుగుకు, పండుకు.

చాలా ఇళ్లలో చేసే పొరపాటు ఒకటుంది: ఆయా ఖర్చును తల్లి జీతంలోంచే తీసేసి, 'ఇంకేం మిగిలింది, మానేయ్' అనడం. బిడ్డ ఇద్దరిదీ. ఆ 8,000ను ఇద్దరి జీతాలు కలిపిన 62,000లోంచి తీయండి.

ముందు ఈ వారమే బాబును పిల్లల డాక్టరుకు చూపించండి. రెండు నెలలు బరువు ఆగడం చిన్న విషయం కాదు. తరచుగా కనిపించే కారణం మీ ఉద్యోగం కాదు, మీరు లేని ఆ ఎనిమిది గంటల్లో ఏం పెడుతున్నారన్నది. పల్చటి పప్పుకట్టు, పాలలో ముంచిన బిస్కెట్టుతో కడుపు నిండుతుంది గానీ బలం రాదు. ఈ వయసుకు రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిదో నెల నిండాక మూడు నాలుగుసార్లు గట్టి తిండి పడాలి. చెంచా ఒంచితే జారిపోనంత చిక్కగా మెదిపిన పప్పన్నం, అందులో నెయ్యి. బాగా ఉడికిన గుడ్డు, అరటిపండు. వీటికి నెలకు 3,000 పక్కన పెట్టండి, డబ్బాల పొడులకు కాదు. అంగన్‌వాడీలో పేరు రాయిస్తే నెలకు రెండున్నర కిలోల బాలామృతం (పిల్లల పోషకాహార పిండి) ఇస్తారు, అదీ తెచ్చుకోండి.

తల్లిపాలు ఆపకండి. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా డ్యూటీలో రోజుకు రెండు పాల విరామాలు చట్టం ఇచ్చిన హక్కు. 50 మంది, ఆపైన పనిచేసేచోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే గది ఉండాలి. మీ ఆస్పత్రిని రాతపూర్వకంగా అడగండి. పిండిన పాలు శాంపిళ్లు పెట్టే ఫ్రిజ్‌లో పెట్టొద్దు, ఐస్ ప్యాక్ ఉన్న బ్యాగులో ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు ఉంటాయి.

ఇక అసలు సంగతి, అత్యవసర నిధి. మీకు అది లేదు, అందుకే లోన్ ఆలోచన వచ్చింది. ఈఎంఐ, ఇల్లు, ఆయా, బాబు తిండి కలిపి నెలకు 52,000, మిగిలేది 10,000. ఉన్న 40,000లో 15,000 ఇవాళే కార్డుకు కట్టండి, మిగతా 15,000 రాబోయే రెండు జీతాల్లో తీర్చి కార్డు పక్కన పడేయండి. ఆ బాకీ నెలకు మూడు శాతం పైనే తింటుంది. తర్వాత నెలనెలా 10,000 మీ పేరున వేరే ఖాతాలోకి వెళ్లాలి. మొదటి మజిలీ 66,000: ఆయా, బాబు తిండి ఆరు నెలలు ఆగకుండా నడవడానికి. చేతిలో ఉన్న 25,000తో మొదలుపెడితే మొత్తం ఏడు నెలల్లో దాటేస్తారు. ఆ తర్వాత మూడు నెలల ఖర్చు, 1,56,000 చేరేదాకా ఆపొద్దు. అది చేరాక మానేయాలనిపిస్తే అప్పుడు మాట్లాడదాం. బంగారం తాకట్టు, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టడం) ప్రస్తుతానికి వద్దు.

మీవారి కంపెనీ ఆరోగ్య బీమాలో బాబు పేరు ఎక్కిందో లేదో కూడా ఈ వారమే కనుక్కోండి.