డాక్టరమ్మకో ఉత్తరం: స్కూలు ఫారం మీద సంతకం పెట్టనా, వద్దా?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది ఖమ్మం జిల్లా. మావారి ఉద్యోగం వల్ల చెన్నైలో ఉంటున్నాం. మా అమ్మాయికి 12 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేస్తామని స్కూలు నుంచి ఫారం పంపారు. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. "మన జిల్లాలోనే ఆ సూది వేయించుకుని పిల్లలు పోయారు, మర్చిపోయావా?" అని అడుగుతున్నారు. మావారేమో "అది ఆడా మగా కలిస్తే వచ్చే జబ్బట కదా, పసిపిల్లకు ఇప్పట్నుంచే ఎందుకు?" అంటారు. పైగా స్కూలువాళ్లు ఒక్క డోసు చాలంటున్నారు, మా ఆడపడుచు కూతురికేమో రెండు వేశారు. ఏది నిజం? ఇంకొకటి, నాకు 39. ఈమధ్య మేం కలిసిన మర్నాడు బట్టకు కాస్త రక్తపు మరక అవుతోంది. వేడి చేసిందేమోనని సబ్జా గింజలు, మజ్జిగ తాగుతున్నాను.
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాట గురించి. అమ్మాయి సంగతి వచ్చే నెల తేల్చుకున్నా పర్వాలేదు, మీ సంగతి ఈ వారమే తేలాలి. సబ్జా తాగండి, వద్దనను. కానీ కలయిక తర్వాత కనిపించే రక్తానికి అది మందు కాదు. చాలామందికి చిన్న పాలిప్ (లోపల కండలా పెరగడం), ఇన్ఫెక్షన్ లాంటి మామూలు కారణమే ఉంటుంది కాబట్టి హడలిపోనక్కర్లేదు. అయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మొదట చూపించే గుర్తుల్లో ఇదీ ఒకటి. గైనకాలజిస్టు పరికరం పెట్టి లోపల కంటితో చూడాలి. అవసరమైతే పాప్ పరీక్ష (ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూడడం), హెచ్‌పీవీ పరీక్ష (ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూడడం) చేస్తారు. మత్తు అక్కర్లేదు, అడ్మిట్ అవ్వక్కర్లేదు. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, అంతే.

అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన తెలుగు ఆడవాళ్లను చాలామందిని చూశాను. "ఎప్పట్నుంచమ్మా?" అంటే నోరు మెదపరు. పక్కనున్న కోడలో, కూతురో "ముట్లు ఆగే వయసు కదా, మామూలే అనుకున్నాం" అంటుంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏటా 1,25,000 మందికి పైగా ఈ క్యాన్సర్ బయటపడుతోంది, దాదాపు 80,000 మంది చనిపోతున్నారు. హెచ్‌పీవీ సోకాక క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది. ఆ మధ్యలో ఎప్పుడు పట్టుకున్నా ఆపగలిగే జబ్బు ఇది. అందుకే ఏ బాధా లేకపోయినా 30 దాటిన ఆడవాళ్లు పరీక్ష చేయించుకోవాలి.

ఇక ఖమ్మం విషయం. మీ అత్తగారు లేనిది కల్పించి చెప్పడం లేదు. 2009లో ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లో వడోదర దగ్గరా 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు పాథ్ అనే విదేశీ సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఈ టీకా వేయించాయి. తర్వాత రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010లో కార్యక్రమాన్ని ఆపేశారు. విచారణలో బయటపడిన కారణాలు నీళ్లలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా లాంటివి. ఆ చావులకూ టీకాకూ సంబంధం కనబడలేదు. మరి తప్పేమీ జరగలేదా అంటే, జరిగింది. హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లల తల్లిదండ్రులను అడక్కుండా వార్డెన్లు, హెడ్మాస్టర్లు గంపగుత్తగా సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. నన్నడిగితే ఆ కోపం న్యాయమైనదే. ఆ తల్లుల దాకా రాని కాగితమే ఇప్పుడు మీ చేతిలో ఉంది. చదివి, స్కూలుకు వెళ్లి అడగండి: ఏ కంపెనీ టీకా, ఎవరు వేస్తారు, వేశాక పిల్లల్ని పావుగంట కూర్చోబెడతారా, సీసా పేరూ బ్యాచ్ నంబరూ కార్డు మీద రాసిస్తారా అని. సూటిగా జవాబు చెప్పకపోతే అక్కడ సంతకం పెట్టకండి, మీ పిల్లల డాక్టరు దగ్గర వేయించండి. ఇదంతా అమ్మాయికీ చెప్పండి, చెయ్యి తనది కదా.

డోసుల గొడవకూ ఆ 2010తోనే లింకుంది. అదే సమయంలో మన దేశంలో ఇంకో పెద్ద అధ్యయనం నడుస్తోంది. దాన్నీ మధ్యలో ఆపేయడంతో వేలమంది అమ్మాయిలకు ఒక్క డోసే పడింది. వాళ్లను పదేళ్లు గమనిస్తే, క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యే 16, 18 నంబర్ల రకం హెచ్‌పీవీ వైరస్ తిష్ఠ వేయకుండా ఆ ఒక్క డోసే రెండు, మూడు డోసుల్లాగే కాపాడింది. ఇలాంటి ఆధారాలతోనే 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసూ సరిపోతుందని చెప్పింది. ఇక్కడ టీకా లేబుల్ మీద మాత్రం 15 లోపు పిల్లలకు ఆరు నెలల తేడాతో రెండు డోసులని ఉంటుంది. అంటే స్కూలువాళ్లదీ తప్పు కాదు, మీ ఆడపడుచుదీ తప్పు కాదు.

మీవారికి ఒక మాట. మీ పాపకు పుట్టగానే హెపటైటిస్ బి టీకా వేసి ఉంటారు. అదీ కలయికతో అంటుకునే వైరసే, మరి అప్పుడు ఎవరూ అడగలేదే! టీకా వైరస్ సోకకముందే పడాలి. సోకాక వేస్తే ఉన్నదాన్ని పోగొట్టదు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే పూర్తిగా టీకా పడిన అమ్మాయిల రికార్డులు తిరగేస్తే ఒక్కరిలోనూ ఈ క్యాన్సర్ కనబడలేదని 2024లో ప్రచురించారు. టీకాలో బతికున్న వైరస్ ఉండదు. పిల్లలు పుట్టరన్నది వట్టి పుకారు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం రావచ్చు. సూది చూస్తే కళ్లు తిరిగే పిల్లలుంటారు కాబట్టి ఆ రోజు రెండు ఇడ్లీలైనా తినిపించి పంపండి.

వైరస్‌లో నాలుగు రకాలను అడ్డుకునే టీకానా, తొమ్మిది రకాలదా అని బుర్ర పాడుచేసుకోకండి. 16, 18 రెండింట్లోనూ ఉన్నాయి. ఖరీదైనది కొందామని ఏళ్లకేళ్లు వాయిదా వేయడం కంటే అందినది వేయించడం మేలు. పుణెలో సీరమ్ ఇన్‌స్టిట్యూట్ చేసే సర్వావాక్ నాలుగు రకాలదే.

ప్రశ్న: నాకు 24. షోలింగనల్లూరులో ఉద్యోగం. మాఘంలో పెళ్లి. ఇప్పుడు హెచ్‌పీవీ టీకా వేయించుకుంటే లాభమా? డోసులు పూర్తికాకుండానే కడుపొస్తే ఎలా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: లాభమే, పెళ్లిపనుల్లో పడి మర్చిపోకముందే మొదలుపెట్టండి. మీ వయసుకు లేబుల్ ప్రకారం మూడు డోసులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 21 దాటినవాళ్లకు ఆరు నెలల తేడాతో రెండు. ఏది పాటించాలో మీ డాక్టరుతో మాట్లాడుకోండి. మధ్యలో నెల తప్పితే మిగిలినవి కాన్పయ్యాక వేస్తారు. మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. తెలియక కడుపుతో ఉండగా ఒక డోసు పడిపోయినా, దానికోసం గర్భం తీయించుకోవాల్సిన పని లేదు.