థైరాయిడ్ గడ్డకు సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందా?

ప్రశ్న: నా వయసు 44. మెడ మీద చిన్న గడ్డ కనిపిస్తే స్కానింగ్ తీయించాం. 1.8 సెంటీమీటర్ల నాడ్యూల్, టీఐరాడ్స్ (స్కానింగ్‌ను బట్టి క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె) 4 అని రాశారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) నార్మల్. డాక్టర్ ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్న సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే పరీక్ష) చేయించుకోమన్నారు. సూది పెడితే గడ్డ కదిలి క్యాన్సర్ అవుతుందని బంధువులు భయపెడుతున్నారు. గుండె కోసం రోజూ ఎకోస్ప్రిన్ (రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర) వేసుకుంటాను. నేరుగా ఆపరేషన్ చేయించుకుంటే మంచిదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సూది గుచ్చినంత మాత్రాన మామూలు గడ్డ క్యాన్సర్‌గా మారదు. ఒకవేళ లోపల క్యాన్సరే ఉన్నా, ఇంత సన్న సూది వెళ్లిన దారిలో అది పాకడం చాలా చాలా అరుదు. నన్నడిగితే, పరీక్ష లేకుండా ఆపరేషన్‌కు వెళ్లడమే అసలు రిస్కు. థైరాయిడ్ మొత్తం తీసేస్తే జీవితాంతం మాత్ర వేసుకోవాలి. గొంతుకు సంబంధించిన నరాలు, ఒంట్లో కాల్షియం సంగతి చూసే గ్రంథులు దాన్ని ఆనుకునే ఉంటాయి. ఈ గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కానివే. అలాంటప్పుడు తెలుసుకోకుండానే కోయించుకోవడం ఎందుకు?

అలాగని ప్రతి గడ్డకూ ఈ పరీక్ష అక్కర్లేదు. టీఐరాడ్స్ 3 అయితే 2.5 సెంటీమీటర్ల దాకా ఆగుతాం. 4 అయితే 1.5, 5 అయితే 1 సెంటీమీటరుకే చేయమంటాం. మీది ఆ హద్దు దాటింది.

పరగడుపున వెళ్లక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్లండి. మెడలో గొలుసులు, నల్లపూసలు ఉంటే తీయమంటారు. మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే ముందే చెప్పండి, కిందికి జరిపి సర్దుకోవచ్చు. భుజాల కింద దిండు పెట్టి, తల వెనక్కి వాల్చి పడుకోబెడతారు. స్కానింగ్‌లో గడ్డను చూస్తూ సూది పెడతారు. ఆ సూది రక్తం తీసే సూది కంటే సన్నగా ఉంటుంది. ఒక్కసారికే సరిపడా కణాలు రావు కాబట్టి రెండు మూడుసార్లు గుచ్చడం మామూలే, ఏదో తేడా జరిగిందని టెన్షన్ పడకండి. సూది లోపల ఉన్న ఆ కొద్ది సెకన్లు మాత్రం గుటక వేయకూడదు, మాట్లాడకూడదు. దగ్గు వచ్చేలా ఉంటే గుచ్చకముందే చెప్పండి. ఒక్కోసారి నొప్పి చెవి వైపు లాగినట్టు ఉంటుంది, అది పోతుంది.

ఎకోస్ప్రిన్ సంగతి: మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్ వేసి ఉంటే అసలే వద్దు. అది ఆపకుండానే చాలామందికి ఈ పరీక్ష చేస్తాం. వాడుతున్న మందుల చీటీ చూపిస్తే చాలు, నిర్ణయం డాక్టర్లది.

తర్వాత కాసేపు దూదితో గట్టిగా నొక్కి పట్టుకోండి. చర్మం కాస్త కమిలితే ఐస్ పెట్టండి. మెడ గబగబా వాచిపోతున్నా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇది అరుదే.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా తికమకపడేది రిపోర్టు దగ్గర. కణాలు ఎలా ఉన్నాయో చెప్పడానికి అందులో బెథెస్డా అనే పద్ధతిలో 1 నుంచి 6 వరకు అంకె వేస్తారు. 1 అంటే ‘ఏమీ లేదు’ అనుకుని ఇంటికెళ్లిపోతారు. నిజానికి కణాలు సరిపోలేదు, మళ్లీ చేయాలని దానర్థం. 2 అంటే క్యాన్సర్ లక్షణాలు లేవని, 5 అంటే అనుమానం గట్టిదని, 6 అంటే క్యాన్సరని. చిక్కంతా 3, 4లతోనే. ముఖ్యంగా బెథెస్డా 4లో, కణాలు గడ్డ చుట్టూ ఉన్న పొరను దాటాయో లేదో (దాటితే క్యాన్సరే) సూదితో తీసిన నమూనాలో తెలియదు. గడ్డ ఉన్న సగాన్ని తీసి చూస్తేనే తేలుతుంది. 3 అయితే చాలావరకు మళ్లీ సూది పరీక్షో, జన్యు పరీక్షో చేస్తారు.

2 వచ్చినా ఏడాది, రెండేళ్లలోపు మళ్లీ స్కానింగ్ తీయించుకోండి. ఇప్పటి రిపోర్టు పారేయకండి, గడ్డ పెరిగిందో లేదో పోల్చి చూడటానికి అదే కావాలి.