పాఠంలో ఉంది, ఒంట్లో లేదు: విటమిన్ డి

ప్రశ్న: ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను, ఉండేది హాస్టల్లో. ఒకటే నీరసం, పిక్కలు, నడుము లాగుతున్నాయి. రక్తపరీక్షలో విటమిన్ డి 11 వచ్చింది. రోజూ పొద్దున్నే ఆరున్నరకు నడుస్తాను, లైబ్రరీలో కిటికీ పక్కన ఎండలోనే కూర్చుంటాను. అయినా ఎందుకు తగ్గింది? 60,000 యూనిట్ల గుళికలు రాశారు. ఎలా వేసుకోవాలి?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీరు చెప్పిన రెండు ఎండల్లోనూ విటమిన్ డి దాదాపుగా తయారవదు. దానికి ఎండలోని యువి-బి (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు చర్మాన్ని తాకాలి. పొద్దు వాలుగా ఉన్నప్పుడు అవి చాలావరకు ఓజోన్ పొరలోనే ఆగిపోతాయి. కిటికీ అద్దం కూడా వాటిని రానివ్వదు, వెచ్చదనమే లోపలికొస్తుంది. కాలేయంలో ఒక హైడ్రాక్సిలేషన్ (విటమిన్ డిని పనిచేసే రూపానికి తెచ్చే రసాయన మార్పు), కిడ్నీలో ఇంకొకటి అని వైవాలో (నోటి పరీక్షలో) గడగడా చెప్పేవాళ్లు కూడా ఏ ఎండ మంచిదని అడిగితే ‘లేత ఎండ’ అనే అంటారు! మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా పడే వేళ కావాలి. ఆ వేళకి మీరంతా క్లాసులోనో వార్డులోనో ఉంటారు, పైగా పొడుగు చేతుల ఆప్రాన్. ఉదయం పది, పదకొండు మధ్య ఆప్రాన్ తీసి, ముంజేతులకు ఎండ తగిలేలా ఇరవై నిమిషాలు తిరగండి. వేసవిలో మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. చామనఛాయ, నలుపు ఒంటివారికి ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది.

అయితే 11 అంటే లోపమే (మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకన్నా తక్కువ). ఎండ ఒక్కదానితో పూడదు. సాధారణంగా 60,000 యూనిట్ల గుళిక వారానికి ఒకటి, 8 వారాలు. దీన్ని రోజుకొకటి చొప్పున మింగేసేవాళ్లున్నారు, అది ప్రమాదం. కాల్షియం మితిమీరి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, చివరికి కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది. వారం గుర్తుండేలా ఫోన్లో అలారం పెట్టుకోండి. ఇది కొవ్వులో కరిగే విటమిన్, కాబట్టి పరగడుపున కాక నెయ్యో, గుడ్డో ఉన్న భోజనం తర్వాత వేసుకోండి. రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కూడా అందాలి. పావు లీటరు పాలలో దాదాపు 300 ఉంటుంది, రాగిజావ కొంత పూడుస్తుంది.

మూడు నెలలయ్యాక మళ్లీ పరీక్ష చేయించండి, అంతకుముందు చేయిస్తే డబ్బు దండగ. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పి మూడు రోజుల ముందే ఆపండి. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది విటమిన్ డిని లేనంత ఎక్కువగా చూపిస్తుంది.

ఇంకో మాట: నీరసమంతా దీనివల్లేనని అనుకోవద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 కూడా చూపించుకోండి. గొంతుక్కూర్చుని లేవడం కష్టంగా ఉంటే కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకలు మెత్తబడితే పెరిగే ఎంజైమ్) పరీక్షలు తప్పనిసరి.

ప్రశ్న: అయితే మా బ్యాచ్ అందరం పరీక్ష చేయించుకోవాలా?
– అదే హాస్టల్ నుంచి మరొకరు

జవాబు: అక్కర్లేదు. ఏ ఇబ్బందీ లేని పెద్దవాళ్లకు ఊరికే ఈ పరీక్ష చేయొద్దనే హార్మోన్ల నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2024 మార్గదర్శకాలూ చెప్పాయి. ఎముకల నొప్పి, కండరాల బలహీనత ఉన్నవాళ్లు, ఫిట్స్‌కు ఫెనిటాయిన్, క్షయకు రిఫాంపిసిన్ వాడేవాళ్లు చేయించుకోవాలి. చేయించేది ఒంట్లో విటమిన్ డి నిల్వను చూపే 25-హైడ్రాక్సీ పరీక్షే. 1,25-డైహైడ్రాక్సీ (కిడ్నీలో తయారయ్యే, పనిచేసే రూపం) రాయించుకుంటే, లోపం ఉన్నా ఆ తయారీని పెంచే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగినందువల్ల ఫలితం మామూలుగానే కనిపించవచ్చు.