మీవారు ముస్తఫాలాగే ఉన్నారు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. కూకట్‌పల్లిలో ఉంటాం. పెళ్లయిన ఏడాదికే వేరు కాపురం పెట్టి, మేడ మీద రేకుల గదిలో ఉన్నాం. అప్పుడు డబ్బు లేకపోయినా సరదాగా ఉండేది. ఇప్పుడు మావారు సొంత వ్యాపారం అంటూ రాత్రి పదకొండు దాటాకే వస్తున్నారు. ‘కభీ మై కభీ తుమ్’ అనే పాకిస్తానీ సీరియల్ రెండుసార్లు చూశాను. అందులో హీరో పేరు ముస్తఫా. మొన్న ఆయనతో ‘ముస్తఫాని చూసైనా నేర్చుకోండి’ అన్నాను. ‘అయితే వాడినే చేసుకోవాల్సింది’ అన్నారు. అప్పట్నుంచి హాల్లో పడుకుంటున్నారు. అమ్మేమో సీరియళ్లు మానెయ్యమంటోంది. పోయిన నెల నాకు 102 జ్వరం వచ్చి నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏం చెయ్యను?

జవాబు: మీ ఉత్తరాన్ని కుదించి వేశాం. మొత్తంలో ముస్తఫా పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. మీవారిది ఏం వ్యాపారమో, అప్పేమైనా ఉందో ఒక్క ముక్క లేదు. జ్వరం సంగతి చిట్టచివర, ఏదో గుర్తొచ్చి రాసినట్టు ఉంది. నాకైతే అసలు ఉత్తరం ఆ ఒక్క వాక్యమే.

2024లో ఏఆర్‌వై డిజిటల్ చానల్‌లో వచ్చిన ఆ సీరియల్ నేనూ చూశాను. ఉర్దూ చెవిన పడుతూ పెరిగిన హైదరాబాద్ వాళ్లకి సబ్‌టైటిళ్ల అవసరం పెద్దగా ఉండదు కదా. డబ్బున్న రుబాబ్ అనే అమ్మాయి కోసం అన్న అదీల్ షర్జీనాని పెళ్లి ముందు వదిలేస్తే, పనీపాటా లేనివాడని అందరూ తీసిపారేసిన తమ్ముడు ముస్తఫా ఆమెను చేసుకుంటాడు. ఇంట్లో మాటలు పడలేక ఇద్దరూ బయటికొచ్చి, కరాచీలోనే చిన్న అద్దె ఇంట్లో కాపురం పెడతారు. మీకు రేకుల గది గుర్తొచ్చిందంటే వింతేముంది? ఆ జంటగా వేసిన ఫహద్ ముస్తఫా, హానియా ఆమిర్‌ల కాపురం చూసి నాకే ముచ్చటేసింది.

కానీ రెండుసార్లు చూసినా మీ మనసు మొదటి సగంలోనే ఆగిపోయింది. చేతిలో డబ్బు ఆడటం మొదలయ్యాక ఆ ముస్తఫా ఏమయ్యాడు? పనిలో పడి ఇల్లు మరిచాడు. షర్జీనాకి గర్భం పోయినప్పుడు పక్కన లేడు. ఆమె వదిలి వెళ్లిపోయేదాకా వచ్చింది. మీ ఇంట్లో నడుస్తున్నది ఆ రెండో సగం. మీవారు ముస్తఫాలా లేరంటున్నారు గానీ, నన్నడిగితే అచ్చం అలాగే ఉన్నారు.

ఆయన్ని వెనకేసుకొస్తున్నాననుకోకండి. జ్వరంతో ఒంటరిగా పడున్న భార్య అన్నిసార్లు చేస్తే ఎత్తకపోవడం తప్పే. మీ కోపంలో న్యాయం ఉంది. దాన్ని ఇంకో మగవాడి పేరు మీద చెప్పేసరికి ఆయనకి పోలిక ఒక్కటే వినపడింది, జ్వరం వినపడలేదు.

రాత్రి పదకొండింటికి కంచం ముందు ఈ మాట ఎత్తొద్దు. ఆదివారం పొద్దున టీ దగ్గర, ‘ఆ రోజు లేచి మాత్ర వేసుకునే ఓపిక కూడా లేదు. మీరు చేస్తారేమోనని ఫోన్ చేతిలోనే పెట్టుకుని పడుకున్నాను’ అనండి. అక్కడితో ఆపండి. ‘మీరెప్పుడూ ఇంతే’ అని తగిలించొద్దు. ఆయన వెంటనే సారీ చెప్పకపోవచ్చు, విసుక్కోవచ్చు కూడా. ఏ పనిలో ఉన్నా సరే, వెంటవెంటనే రెండుసార్లు ఫోన్ మోగితే ఎత్తాలని మాట తీసుకోండి. మీరూ కొత్తిమీర తెమ్మని రెండుసార్లు చెయ్యకూడదు మరి.

తర్వాత వ్యాపారం లెక్కలు అడగండి. నిలదీసినట్టు కాదు. ఎవరికి ఎంత కట్టాలి, ఇలా ఎన్ని నెలలు నడవాలి, అంతే. అప్పుల టెన్షన్ ఇంట్లో చెప్పలేక ఆలస్యంగా ఇల్లు చేరే మగవాళ్లని చాలామందిని చూశాను. మీవారి విషయం అది కాకపోతే, అదైనా తేలుతుంది.

సీరియల్ మానక్కర్లేదు. మీ అమ్మగారికి మాత్రం ఈ గొడవ రోజూ చెప్పకండి. మీరిద్దరూ కలిసిపోయాక కూడా ఆవిడకి అల్లుడి మీద కోపం మిగిలిపోతుంది.

ఇంత మాట్లాడాక కూడా, నెల గడిచినా ఆయన హాల్లోనే పడుకుంటుంటే ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కి రండి. ఆయన రానంటే మీరొక్కరైనా రండి.