ఒళ్లో పాప, డిక్కీలో బంగారం

ప్రశ్న: మాది కాజీపేట. కారులో మేడారం జాతరకు పోతున్నాం. పాపకు పది నెలలు, తొమ్మిది కిలోలుంది. అత్తమ్మ ముందు సీట్లో ఒళ్లో పెట్టుకుంటానంటున్నారు. బెల్టు ఇద్దరికీ కలిపి పెడితే సరిపోదా? బాబుకు ఏడేళ్లు. బెల్టు మెడకు ఒరుసుకుంటోందని చంక కిందికి తోసేస్తాడు. అరవై కిలోల బంగారం (మొక్కు బెల్లం) కూడా ఉంటుంది.

జవాబు: సరిపోదు. 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. పాపను పట్టి ఆపడానికి దాదాపు 125 కిలోల బరువు మోసేంత బలం కావాలి. ఎవరి చేతులైనా జారిపోతాయి. బెల్టు ఇద్దరికీ కలిపి పెడితే ఇంకా ఘోరం, అత్తమ్మ బరువంతా వెనక నుంచి పడి పాపను బెల్టుకేసి నలిపేస్తుంది. ఇక ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ముందు తగిలేది పాప తలకే.

వెనక సీట్లో, పాప మొహం కారు వెనకవైపు ఉండేలా చైల్డ్ సీటు బిగించండి. బెల్టు దూరే చోట సీటును పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. పాప పట్టీలు భుజాల ఎత్తులో గానీ కాస్త కిందనుంచి గానీ రావాలి. బిగించాక భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో చిటికె పట్టి చూడండి, మడత చిక్కితే వదులుగా ఉన్నట్టే. మాఘమాసం తెల్లవారుజామున చలి కదా అని మందపాటి స్వెటర్ వేసి పట్టీ పెడతారు. గుద్దుకున్నప్పుడు ఆ ఉన్ని అణిగిపోయి పట్టీ వదులైపోతుంది. పలచటి బట్టలతో బిగించి, పైనుంచి శాలువా కప్పండి.

బాబుకు బూస్టర్ సీటు కావాలి. కింది బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. పైది భుజం మధ్యగా పోవాలి. చంక కింద పెడితే దెబ్బంతా పక్కటెముకలదే. బూస్టర్ బదులు దిండు వేయకండి, అది అణిగి పిల్లాడు బెల్టు కిందికి జారిపోతాడు. అత్తమ్మ వెనక కూర్చున్నా బెల్టు తప్పదు. 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా తీసుకుపోతే జరిమానా వెయ్యి రూపాయలు.

బెల్లం డిక్కీలో అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టండి. సీటు వెనక అరమీద పెడితే బ్రేకు వేయగానే తలల మీదికొస్తుంది. టైర్లలో గాలి, నిండు బరువుకు డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద రాసినంత ఉండాలి. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడండి.

ప్రశ్న: రాత్రిపూట హుజూరాబాద్ నుంచి వరంగల్ వస్తుంటాను. లైట్లు లేని పత్తి ట్రాక్టర్లు, రోడ్డు మీద వడ్లు. ఎంత వేగం మంచిది?

జవాబు: డిమ్ లైటులో 60 దాటకండి. ఆ వేగంలో తేరుకునేలోపే 25 మీటర్లు పోతారు, బ్రేకుకు ఇంకో 20. డిమ్‌లో కనిపించేదీ ఇంచుమించు అంతే. 80లో 70 మీటర్లు కావాలి. వడ్ల మీద బ్రేకు వేస్తే టైరు జారుతుంది. కుప్ప రాకముందే వేగం తగ్గించండి. నల్ల టార్పాలిన్ అంచున పెట్టిన రాళ్లు లైటుకు సరిగా కనపడవు.